వంటసోడా, వెనిగర్, నిమ్మకాయ: కొన్నేళ్లు వాడాక నా మాట

శుభ్రం చేసే చిట్కాల వీడియో ఏది చూసినా ఈ సీను ఉండాల్సిందే. సింకులో వంటసోడా చల్లుతారు, పైన వెనిగర్ పోస్తారు, నురగ బుసబుసా పొంగుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది, పని మాత్రం జరగదు. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. కలిపితే ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. అది కాస్తా పోయాక మిగిలేది సోడియం ఎసిటేట్ కరిగిన నీళ్లే. జుట్టు అడ్డుపడిన తూముకి ప్లంజరే దిక్కు.

అందుకే ఈ రెంటినీ ఎప్పుడూ విడివిడిగానే వాడతాను. అలా వాడితే ఎక్కువ మార్కులు వెనిగర్‌కే.

ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లగా, గరుగ్గా పేరుకునే గార చాలావరకు కాల్షియం కార్బొనేట్. పీచుతో ఎంత తోమినా కదలదు. వెనిగర్, నీళ్లు సమానంగా పోసి ఒక్క మరుగు రానిచ్చి స్విచ్ కట్టేస్తాను. అడుగు నుంచి సన్నటి బుడగలు లేస్తాయి, పొర రేకులు రేకులుగా ఊడి పైకి తేలుతుంది. అరగంట ఆగి పారబోస్తే అడుగు స్టీలు కనిపిస్తుంది. తర్వాత రెండుసార్లు మంచినీళ్లు మరిగించి పారబోయండి, లేదంటే పుల్లటి వాసన వదలదు. షవర్ రంధ్రాలు మూసుకుపోతే ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి షవర్ తలకి రబ్బరు బ్యాండుతో కట్టడమే. గంట చాలు. రాత్రంతా ఉంచమనే సలహా వినకండి, పైపూత మెరుపు పోవచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. గారని కరిగించే ఆమ్లం రాయిని మాత్రం ఎందుకు వదులుతుంది? వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పడిన చోట నునుపు పోయి మసక మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, రాయే తినుకుపోవడం. ఎంత తుడిచినా పోదు.

వంటసోడా గొప్పతనం మాడిన స్టీలు గిన్నె దగ్గర తెలుస్తుంది. మాడు మునిగేదాకా నీళ్లు పోసి, రెండు చెంచాల సోడా వేసి, పది నిమిషాలు మరిగించి చల్లారనివ్వాలి. చెక్క గరిటెతో నెడితే మాడు పెచ్చులుగా లేస్తుంది. అల్యూమినియం గిన్నెకి ఈ పని చేస్తే నల్లబడుతుంది, జాగ్రత్త. స్టవ్ మీది జిడ్డుకి మాత్రం సోడా ముద్ద కంటే గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లే నయం. సోడా ముద్ద ఆరాక మిగిలే తెల్లపొడి తుడుచుకోవడం మరో పని. ఫ్రిజ్‌లో సోడా గిన్నె పెడితే వాసన కొంచెం తగ్గుతుంది, అంతే. కుళ్లినదేదో లోపల ఉంటే ముందు దాన్ని తీయాలి కదా!

నిమ్మకాయ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సగం చెక్కకి ఉప్పు అద్ది రుద్దితే రాగి మీది నలుపు చకచకా పోతుంది. వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవకపోతే మళ్లీ మచ్చలు పడతాయి.

వీటిలో ఏదీ క్రిముల మందు కాదు. అలాగని బ్లీచ్‌లో వెనిగరో నిమ్మరసమో కలిపారంటే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అయితే మరీ ప్రమాదం.

నాకు అన్నిటికన్నా నచ్చింది వెండి చిట్కా. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, నల్లబడ్డ వెండిని దానికి తగిలేలా పెట్టి, సోడా కలిపిన మరిగే నీళ్లు పోయాలి. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వస్తుంది, కంగారు పడకండి. వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటోందన్నమాట. పాలిష్‌తో రుద్దితే నలుపుతో పాటు కాస్త వెండీ అరుగుతుంది, ఇందులో ఆ అరుగుదల లేదు. ముత్యాలు, రాళ్లు పొదిగినవాటిని మాత్రం ఇందులో ముంచకండి. నగిషీ సందుల్లో కావాలని ఉంచిన నలుపు కూడా దీంతో పోతుంది, అలాంటివాటిని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి ఊరుకుంటాను.