లింకు నొక్కితే ఫైలు వచ్చినప్పుడు: ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ దీర్ఘకాల వాడకం తర్వాత

చదివి వదిలేసే ఫైలుకీ దాచుకోవాల్సిన ఫైలుకీ తేడా ఉందని బ్రౌజర్ గుర్తించాలి. ఈ లెక్కన మూడింటిలో ఫైర్‌ఫాక్సే మేలు. అయితే కొన్న చీరకు ఫాల్ కుట్టించుకున్నట్టు, దీన్ని కాస్త సవరించుకుని వాడాలి.

2022లో వచ్చిన 98వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ "తెరవాలా, సేవ్ చేయాలా" అని అడగడం మానేసి, నేరుగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడేస్తోంది. పాత పద్ధతి కావాలంటే సెట్టింగ్స్, జనరల్, అప్లికేషన్స్‌కి వెళ్లి, ఆ పట్టిక కింద మిగతా ఫైళ్ల గురించి ఉన్న ప్రశ్నకు "అడగాలి" అన్న జవాబు ఎంచుకోండి. పట్టికలో ఒక్కో రకానికి విడిగా కూడా చెప్పొచ్చు: పీడీఎఫ్ ట్యాబ్‌లోనే, స్ప్రెడ్‌షీట్ ఆఫీసు ప్రోగ్రాంలో, జిప్ సేవ్.

ఇంతా చేసినా, "తెరువు" అన్న ఫైలు కూడా డౌన్‌లోడ్స్‌లోనే మిగిలిపోతుంది. అడ్రస్ బార్‌లో about:config అని కొట్టి తెరిచే ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగుల పేజీలో start_downloads_in అని వెతికి, వచ్చిన వరుసను ట్రూ చేస్తే అవి టెంపరరీ ఫోల్డర్‌కి వెళ్తాయి (102వ వెర్షన్ నుంచి ఉంది). ఒక్క జాగ్రత్త: అలా తెరిచిన డాక్యుమెంట్‌లో మార్పులు చేస్తే, మూసేముందు "సేవ్ యాజ్"తో వేరే చోట దాచాలి. టెంపరరీ ఫోల్డర్ ఎప్పుడు ఖాళీ అవుతుందో మన చేతిలో ఉండదు.

క్రోమ్‌లో ఈ వెసులుబాటు లేదు. "ఎక్కడ సేవ్ చేయాలో ప్రతిసారీ అడుగు" అన్న మీట ఉంది కానీ అది చోటు మాత్రమే అడుగుతుంది. "ఈ రకం ఫైళ్లు ఎప్పుడూ తెరువు" అన్నా ముందు సేవ్ చేసే తెరుస్తుంది. అదే లింకు మళ్లీ నొక్కితే (1), (2) అంటూ నకళ్లు పేరుకుంటాయి. సఫారీలో ముందుగా ఆపాల్సింది, "సేఫ్" ఫైళ్లను డౌన్‌లోడ్ కాగానే తెరిచే టిక్కు. అది ఉంటే జిప్ దానంతటదే విప్పుకుంటుంది. చెక్‌సమ్ (ఫైలు మారకుండా వచ్చిందో లేదో తేల్చే సంఖ్య) సరిచూద్దామంటే ఫోల్డర్‌లో జిప్ ఉండదు.

ఒక సైట్‌లో పీడీఎఫ్ ట్యాబ్‌లో తెరుచుకుని, ఇంకోచోట డౌన్‌లోడ్ అయితే తప్పు ఎప్పుడూ బ్రౌజర్‌దే అనుకోకండి. ఫైలుతో పాటు సర్వర్ దాని గురించి హెడర్లనే సమాచార పంక్తులు పంపుతుంది. వాటిలో కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో "అటాచ్‌మెంట్" అని ఉంటే అది సేవ్ చేయమన్న ఆదేశం. కంటెంట్-టైప్‌లో "అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్" అని వస్తే అది ఏ ఫైలో సర్వర్ చెప్పనట్టే. అలాంటప్పుడు బ్రౌజర్‌కి ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షనే (.pdf లాంటిది) దిక్కు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఉంచి లింకు నొక్కితే ఈ రెండు హెడర్లూ కనిపిస్తాయి. తెలుగు పేరున్న ఫైలు పిచ్చి గీతలుగా సేవ్ కావడమూ చాలాసార్లు ఇక్కడి లోపమే: పేరును యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) అని చెప్పి పంపకపోతే బ్రౌజర్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్‌గా చదువుతుంది.

"సేవ్ లింక్ యాజ్"తో దించిన పీడీఎఫ్ పాడైందని రీడర్ మొరాయిస్తే, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలైన పీడీఎఫ్ %PDF అన్న అక్షరాలతో మొదలవుతుంది. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ కోడ్) కనిపిస్తే మీకు వచ్చింది చాలామటుకు లాగిన్ పేజీ. సెషన్ ముగిసిపోయి ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి దించుకోండి.