తీర్థంలో అత్తరు కొనేవారికి హెచ్చరిక: రెండు సీసాలు, ఒకటే నూనె

ఈ ఏడాది భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు, రథోత్సవం చూసి తిరిగివస్తూ ఒక తాత్కాలిక అంగడిలో రెండు అత్తరు సీసాలు కొన్నాను. ఒకటి వట్టివేరు, రెండవది హీనా. 6 మిల్లీలీటర్ల సీసా ఒక్కొక్కటి 400 రూపాయలు. వైశాఖంలో మేనల్లుడి పెళ్లికి వట్టివేరు, ధనుర్మాసపు తెల్లవారుజాము పూజలకు హీనా అని ముందే అనుకొని కొన్నవి. మన కోనసీమలో ఎండకంటె ఉక్కపోత బాధ ఎక్కువ కనుక, జటామాంసి, లవంగం వంటి దినుసులతో దించే హీనా వేసవి పెళ్లిపందిట్లో పక్కవారికి తలనొప్పి తెప్పిస్తుంది. వట్టివేరు అయితే నీళ్లు చల్లిన తడికలా చల్లని మట్టివాసన వేస్తుంది. ఈ ఎంపికలో పొరపాటు లేదు, పొరపాటంతా సీసాలలోనే ఉంది.

పెళ్లినాడు కండువా అంచుకు రెండు చుక్కలు అద్దుకున్నాను. జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు వట్టివేరు వాసన పోయి కిరోసిన్ కంపు మిగిలింది, తెల్లని కండువాపై రూపాయి బిళ్లంత ఆకుపచ్చ మరక తేలింది. మూడు ఉతుకులైనా అది పోలేదు.

వట్టివేరు నూనె చిక్కగా ఉండి నిదానంగా ఆవిరవుతుంది. కాగితంపై వేసిన చుక్క మర్నాటికీ వాసన వేయాలి. అందుకని ఇంటికి వచ్చాక రెండు సీసాల నుంచి చెరొక చుక్క తెల్లకాగితంపై వేసి రాత్రంతా ఉంచాను. తెల్లవారేసరికి రెండింటిదీ ఒకే వాసన. ఏది ఏదో మా ఆవిడ కూడా చెప్పలేకపోయింది. పచారీ కొట్టులో తెచ్చిన వట్టివేళ్ల కట్టను పక్కన పెట్టి చూస్తే పోలికే లేదు. ఒకే చవక నూనెలో వేర్వేరు పైవాసనలు కలిపి, ఒకదానికి రంగు కూడా వేసి, వేసవికొకటి చలికాలానికొకటి అని అమ్మారని నా అనుమానం.

నిజానికి ధర వినగానే నాకు తట్టవలసింది. అది ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరుపడ్డ కన్నౌజ్ సరుకనీ, గంధపు నూనెలో దించినదనీ అమ్మినతను చెప్పాడు. కన్నౌజ్‌లో రాగి పాత్రలో పూలనో వేళ్లనో కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టే పద్ధతి ఉన్నమాట నిజమే. కాని అసలైన గంధపు నూనె కిలో లక్ష రూపాయలు దాటుతుంది, అంటే గ్రాము వంద పైమాటే. ఆరు మిల్లీలీటర్లకు నూనె ఖర్చే 400 దాటిపోతుండగా, ఆ ధరకు సీసాతో సహా ఎవరు ఇవ్వగలరు?

ముంజేతిపై రాసి చూపించే పరీక్షను నమ్మవద్దు, ఆ మొదటి ఐదు నిమిషాల పరిమళం కోసమే సరుకు తయారవుతుంది. కాగితంపై చుక్క వేయించుకొని, తీర్థమంతా తిరిగి రెండు గంటల తరువాత వాసన చూసి కొనండి. సీసాపై తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర ఉన్నాయో లేదో చూసి రశీదు అడగండి. నా సీసాలపై పేరు రాసిన చీటీ తప్ప ఏమీ లేదు, రశీదూ లేదు. అందువల్ల జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోన్ చేసినా, ఎవరిపై ఫిర్యాదు అంటే చెప్పడానికి నా దగ్గర పేరు లేదు.