గడ్డి చేనుకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్: బస్తాలో ఉన్నది గేదె దాకా వస్తుందా?

గుంటూరు చుట్టుపక్కల నేపియర్ మేతగడ్డి పెంచే పాడిరైతులకు కొన్ని ఎరువుల కొట్లలో సూపర్‌ను "కాల్షియం ఎరువు, పాలల్లో తేడా చూడండి" అంటూ అంటగడుతున్నారు. ఎరువు మంచిదే. ఆ మాట మాత్రం సగమే నిజం.

50 కిలోల బస్తాలో భాస్వరం 16 శాతం, గంధకం 11 శాతం, కాల్షియం సుమారు 20 శాతం. ఎకరాకు రెండున్నర బస్తాలు వేస్తే 20 కిలోల భాస్వరం, దాదాపు 14 కిలోల గంధకం పడ్డట్టే. మరో భాస్వరం ఎరువైన డీఏపీకి లేని బలం ఆ గంధకమే. గంధకం చాలని గడ్డికి యూరియా దట్టిస్తే నత్రజని మాంసకృత్తుగా మారక నైట్రేటుగా ఆకులో, కాండంలో నిలిచిపోతుంది. నైట్రేటు ఎక్కువైతే పశువుకు విషం, నీటి ఎద్దడిలో ఇది మరీ ప్రమాదం. అందుకే యూరియా చల్లాక కనీసం మూడు వారాలు ఆగి కోయాలి.

కాల్షియం సంగతి వేరు. మన నల్లరేగడిలో సున్నానికి కొదవలేదు, బస్తాతో కొత్తగా కలిసేది లెక్కలోకి రాదు. పైగా నేపియర్‌లోని ఆక్సలేట్ అనే పదార్థం, ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేసి పశువుకు అందనివ్వదు. కాబట్టి పాడి గేదెకు రోజూ 50 గ్రాముల ఖనిజ మిశ్రమం మానొద్దు. మట్టి పరీక్ష లేకుండా పొటాష్ కుమ్మరించడం ఇంకా చేటు: గడ్డి అవసరానికి మించి పొటాష్ లాగేసుకుని పశువుకు కావాల్సిన మెగ్నీషియాన్ని వదిలేస్తుంది.

పొడి రకం తేమకు గడ్డకడుతుంది, గుళికల రకమే కొనండి. సున్నపు నేలలో భాస్వరం బిగుసుకుపోతుంది గనుక పశువుల ఎరువుతో కలిపి ఆఖరి దుక్కిలో వేయాలి. యూరియాతో ముందే కలిపి ఉంచితే నీరుకారి ముద్దవుతుంది. జింకు సల్ఫేటును దీనితో కలపకుండా విడిగా వేసుకోవాలి. నిలిచి ఉన్న గడ్డి మీద చల్లితే ఆకుకు అంటిన పొడిలో పశువుకు హాని చేసే ఫ్లోరిన్ ఉంటుంది. వానో తడో పడి కడిగేదాకా పశువులను తోలకండి, ఆ గడ్డి కోయకండి.

కాల్షియమే కావాలనుకుంటే మేతలో మూడో వంతు అలసంద, లూసర్న్, లేదా వరి మాగాణిలో వచ్చే పిల్లిపెసర కలపండి. నేపియర్‌కు వేయగా సూపర్ ఇంకా మిగిలితే అలసంద మడి దుక్కిలో వేయండి. పప్పుజాతి మేత భాస్వరాన్ని, గంధకాన్ని బాగా వాడుకుంటుంది.