పీసీఓడీ ఉన్నవాళ్లకి ఓవ్యులేషన్ స్ట్రిప్పులు: 14 నెలలు వాడాక నా మాట

అండం విడుదలయ్యే రోజు దగ్గరపడిందో లేదో యూరిన్‌తో చూసుకునే ఒక స్ట్రిప్ మీద కనిపించిన రెండో గీతను నమ్మి మేం సంక్రాంతికి ఊరెళ్లడం మానుకున్నాం. ఆ కోపం నాకింకా తగ్గలేదు. కాబట్టి ఎంతసేపు ముంచాలి, ఎన్ని నిమిషాలకి చూడాలి లాంటివి ఇక్కడ రాయను, అవి ప్యాకెట్టు మీదే ఉంటాయి. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) వల్ల పీరియడ్స్ ఒకసారి 40 రోజులకి, ఇంకోసారి 60 రోజులకి వచ్చే నాలాంటి వాళ్లకి ఈ స్ట్రిప్పులు ఎంతవరకు పనికొస్తాయో, నాకు జరిగిందేంటో అంతే చెప్తాను.

మొదట్లో నాకివి బాగా నచ్చాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే భయపడుతున్న రోజులవి. ఇంట్లోనే చూసుకోవచ్చు, ఎవరికీ చెప్పక్కర్లేదు. 50 ఉన్న ప్యాకెట్టు తెప్పించుకుంటే ఒక్కోటి 20 రూపాయల లోపే పడింది. ఈ పరీక్షకి తెల్లవారుజామున మొదటి యూరిన్ వద్దంటారు. అండం విడుదలకి సిగ్నల్ ఇచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ చాలామందిలో పొద్దున రక్తంలో పెరగడం మొదలై, యూరిన్‌లో కనిపించడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకని నేను ఆఫీసులో మధ్యాహ్నం చూసుకునేదాన్ని. రెండు గంటల ముందు నుంచి నీళ్లు తాగకుండా ఉండి, ప్యాంట్రీలో కాఫీ కోసం పెట్టే పేపర్ కప్పు ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని వాష్‌రూమ్‌కి వెళ్లేదాన్ని. గులాబీ రంగు తెల్ల కాగితం మీద మెల్లగా పాకుతుంటే ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిలబడే ఆ ఐదు నిమిషాలు చాలా పొడుగ్గా ఉండేవి. ఇంటికొచ్చాక ఆ స్ట్రిప్‌ని రూళ్ల పుస్తకంలో టేపుతో అంటించి, పక్కన తేదీ వేసేదాన్ని.

చవక అన్నాను కానీ, అది నెలకోసారి పీరియడ్స్ వచ్చేవాళ్లకి. వాళ్లు పీరియడ్స్ మొదలైన రోజు నుంచి లెక్కేసి ఏ పదకొండో రోజునో మొదలుపెట్టి వారంలో ముగిస్తారు. నేను పదో రోజున మొదలుపెడితే ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. ఒక్కోసారి 30 స్ట్రిప్పులు అయిపోయేవి.

ఇక ఆ జనవరి సంగతి. పండక్కి గుంటూరు వెళ్లడానికి రెండు నెలల ముందే రైలు టికెట్లు తీసుకున్నాం. బయల్దేరడానికి రెండు రోజుల ముందు, నాకు 19వ రోజున, రెండో గీత కంట్రోల్ గీతతో (స్ట్రిప్ పనిచేస్తోందని చూపించే గీత) సమానంగా ముదురుగా వచ్చింది. అప్పటిదాకా నాకెప్పుడూ అలా రాలేదు. బెంగళూరు మారతహళ్లిలో మా బాల్కనీలో వెలుతురుకి పెట్టి చూశాం, ఫోటో తీసి పెద్దది చేసి చూశాం. 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుందని కాగితంలో ఉంది. పండగకి అత్తగారింట్లో హాల్లో కూడా పరుపులు వేసుకునేంత మంది ఉంటారు. అక్కడికెళ్లి ఈ నెల పోగొట్టుకోవడం ఎందుకని టికెట్లు క్యాన్సిల్ చేశాం. ఆఫీసులో లీవు దొరకలేదని అత్తయ్యకి అబద్ధం చెప్పాను.

20వ రోజు కూడా ముదురే. 21న లేతబడితే, అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. 23న మళ్లీ ముదురు. 24, 25, 26 అలాగే. మావారు ఆఫీసు నుంచి రాగానే "ఈరోజు కూడా డార్కేనా?" అని అడిగేవారు. నేను పుస్తకం తెచ్చి చూపించేదాన్ని. ప్రేమగా గడవాల్సిన రాత్రులు డ్యూటీలా అయిపోయాయి. వారం తిరిగేసరికి ఇద్దరం అలిసిపోయి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే ఇబ్బంది పడ్డాం. ఆ ఇబ్బంది గురించి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను.

ఆ తర్వాత ఎదురుచూపు. ప్రెగ్నెన్సీ టెస్టు మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఒకటే గీత. అత్తయ్య ఫోన్ చేసి "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని మామూలుగానే అడిగారు. ఆవిడ తప్పేం లేదు. ఫోన్ పెట్టేశాక బాత్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చాను.

47వ రోజుకి ఇక ఉండబట్టలేక డాక్టర్ దగ్గరికి వెళ్లాం. స్కాన్‌లో రెండు అండాశయాల్లోనూ అంచు వెంట చిన్న చిన్న ఫాలికల్సే (అండం పెరిగే తిత్తులు) ఉన్నాయి, ఒక్కటి కూడా 10 మిల్లీమీటర్లు దాటలేదు. రక్తంలో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ 0.7 వచ్చింది. అండం విడుదలైతే అది 3 దాటుతుందట. స్కాన్‌లో కనిపించింది, రక్తపరీక్ష చెప్పింది కలిపి చూసి, ఆ నెల అసలు అండమే విడుదల కాలేదన్నారు. మా డాక్టరమ్మది కర్నూలు. కాగితం మీద గీతలు గీసి నిదానంగా చెప్పారు: "పీసీఓడీలో ఎల్‌హెచ్ మామూలుగానే కొంచెం ఎక్కువగా ఉండొచ్చమ్మా. శరీరం ప్రయత్నించి ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. సిగ్నల్ పడింది, బండి కదల్లేదు. నీ స్ట్రిప్ చూసింది సిగ్నల్‌నే."

ఆ రాత్రి ప్యాకెట్టులోని కాగితాన్ని మొదటిసారి పూర్తిగా విప్పాను. వెనకవైపు చివరి మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో, పీసీఓఎస్ (పీసీఓడీనే అలా కూడా అంటారు) ఉన్నవాళ్లకి ఫలితం తప్పుగా రావచ్చని ఒక్క వాక్యం ఉంది. డబ్బా ముందువైపు మాత్రం 99 శాతం కచ్చితమని పెద్ద అక్షరాలు. ఆ 99 శాతం ఎల్‌హెచ్‌ని పట్టుకోవడంలో. అండం విడుదలైందా లేదా అన్నదాంతో దానికి సంబంధం లేదు. నా కోపమంతా ఆ అక్షరాల సైజు మీదే. ఆ వాక్యం ముందువైపు ఉండుంటే ఆ పండక్కి మేం ఊళ్లో ఉండేవాళ్లం.

పుస్తకం అటక మీద పడేశాను. మళ్లీ దింపింది, అండం విడుదలవడానికి డాక్టర్ ఇచ్చిన లెట్రోజోల్ మొదలయ్యాక. మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు మాత్ర, ఆ తర్వాత ఫాలిక్యులర్ స్టడీ, అంటే రోజు విడిచి రోజు స్కాన్. ఊరికే చూద్దామని స్ట్రిప్ కూడా పక్కన పెట్టుకున్నాను. 14వ రోజు పొద్దున కుడివైపు ఫాలికల్ 19 మిల్లీమీటర్లు. ఆ మధ్యాహ్నం స్ట్రిప్‌లో రెండో గీత కంట్రోల్ గీత కంటే ముదురుగా, ఇంతకుముందు నేనెప్పుడూ చూడనంత చిక్కగా వచ్చింది. మర్నాటి సాయంత్రానికే వెలిసిపోయింది. 16వ రోజు స్కాన్‌లో ఫాలికల్ పగిలిందన్నారు. వారం తర్వాత ప్రొజెస్టరాన్ 11. ఆ రిపోర్టు పట్టుకుని స్కాన్ సెంటర్ మెట్ల మీద ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నెల గర్భం రాలేదు, అయినా నా ఒళ్లు కూడా ఆ పని చేయగలదని మొదటిసారి తెలిసింది.

అప్పుడు జనవరి పేజీ తీసి పక్కన పెట్టి చూశాను. ఎండిన స్ట్రిప్పుల రంగు నమ్మకూడదు కాబట్టి ఫోన్‌లో ఫోటోలతో పోల్చాను. జనవరివి సమానంగా ఉన్నాయి, రోజుల తరబడి సాగాయి. నిజమైనది ఒక్కసారి పైకి లేచి ఒకటిన్నర రోజులో పడిపోయింది. ఇదే గుర్తు అని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. కానీ ఆ తర్వాతి నెల 12వ రోజునే చిక్కటి గీత వచ్చింది, స్కాన్‌లో చూస్తే ఫాలికల్ 13 మిల్లీమీటర్లే, ఇంకా పూర్తిగా పెరగనే లేదు. కాబట్టి ఆ గుర్తు కూడా నాకు సగమే పనికొచ్చింది. స్కాన్ పక్కన ఉంటేనే నేనిప్పుడు స్ట్రిప్ మాట వింటున్నాను.

థర్మామీటర్ కూడా రెండు నెలలు పెట్టుకున్నాను. అండం విడుదలయ్యాక పొద్దుటి ఉష్ణోగ్రత అర డిగ్రీ ఫారన్‌హీట్ అటూ ఇటూగా పెరుగుతుంది. అయితే అది జరిగిపోయాకే చెప్తుంది. నిద్ర సరిగ్గా లేని నాకు అది కుదరలేదు.

ఇదంతా నా పరిస్థితిని బట్టి చెప్తున్న మాట. నాకు 31 ఏళ్లు, మావారి రిపోర్టులు మామూలుగానే ఉన్నాయి, స్కాన్ సెంటర్ ఇంటికి పది నిమిషాల దూరం, మేనేజర్ ఇంటి నుంచి పని చేసుకోమంటాడు. స్కాన్ కోసం పూట పాడుచేసుకుని బస్సెక్కి వెళ్లాల్సిన ఊళ్లో ఉంటే నేను కూడా స్ట్రిప్‌నే పట్టుకునేదాన్నేమో. అలాంటివాళ్లు కనీసం ముదురు గీత వచ్చిన వారానికి ప్రొజెస్టరాన్ పరీక్ష ఒక్కటి చేయించుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి. దాన్ని 21వ రోజు పరీక్ష అంటారు గానీ అది 28 రోజుల లెక్క. మనలాంటి వాళ్లకి 21వ రోజున చేస్తే ఏమీ తెలియదు. నేను లెట్రోజోల్ నెలల వరకు పది స్ట్రిప్పుల ప్యాకెట్టే తెచ్చుకుంటున్నాను. 50 ప్యాకెట్టు మళ్లీ కొనను.