డల్లాస్ కార్డు, పాలమూరు రోడ్లు

అమెరికా నుంచి వచ్చే మన పిల్లలు ఈ మధ్య ఇంటి నుంచి కారు పంపమని అడగట్లేదు. శంషాబాద్‌లో దిగుతూనే సెల్ఫ్ డ్రైవ్ బండి పట్టుకుని వచ్చేస్తున్నారు. మొన్న సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మా మేనల్లుడూ అంతే. "బీమాకు పైసలు దండుగ మామా, నా క్రెడిట్ కార్డే ఇస్తది" అన్నాడు. ఇస్తది, అబద్ధం కాదు. ఏ బండికి, ఏ దెబ్బకు అన్నదే చూసుకోవాలి. మహబూబ్‌నగర్ నుంచి సాగర్ దాకా వాడి పక్కసీట్లో కూర్చుని తిరిగాను కాబట్టి ఊళ్ల సంగతీ బీమా సంగతీ కలిపే చెబుతాను.

ముందు బండి. యాప్‌లో చవకగా కనిపించేవి చాలావరకు సొంతదారులు అద్దెకు పెట్టిన కార్లు. ఎక్కువ అమెరికా కార్డులు వాటిని అద్దె కారు కిందే లెక్కపెట్టవు. మన దగ్గరా తెల్ల ప్లేటు బండిని అద్దెకు తిప్పితే, యాక్సిడెంట్ అయిన రోజు బీమా కంపెనీ అదే సాకు చెప్పి చేతులెత్తేస్తుంది. పర్మిట్ ఉన్న సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. రోజుకు కొంచెం ఎక్కువైనా అదే తీయించాను.

కార్డు షరతులు చదివితే మూడు గట్టిగా ఉన్నాయి. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి. ఒప్పందంలో మొదటి పేరు కార్డుదారుడిదే ఉండాలి. బండికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు మన మీద పడకుండా అద్దె కంపెనీ ఇవ్వజూపే డ్యామేజ్ ప్రొటెక్షన్ వద్దనాలి. మన దగ్గర తిరకాసంతా ఈ మూడోదానితోనే. అమెరికాలో కౌంటర్ దగ్గర వద్దని సంతకం పెడితే అయిపోతుందట. ఇక్కడ దాన్ని అద్దెలోనే కలిపేసి బిల్లు చేతిలో పెడుతున్నారు. మావాడు కౌంటర్ కుర్రాడితో చాలాసేపు కూర్చుని, డ్యామేజ్ ప్రొటెక్షన్ తీసుకోలేదని ఒప్పందం మీద రాయించుకుని గానీ లేవలేదు. వాడి కార్డు విదేశాల్లో వరసగా 31 రోజుల అద్దె దాకా ఒప్పుకుంటుంది. ఇండియాకు అడ్డేమీ లేదు. అదే కార్డు ఐర్లండ్, ఇజ్రాయెల్, జమైకాల్లో మాత్రం చెల్లదు.

పెద్ద లోటు వేరే ఉంది. కార్డు బీమా అద్దె బండికి తగిలిన దెబ్బకు, బండి పోతే దానికి, అంతే. ఎదుటి మనిషికి ఏమైనా అయితే పైసా రాదు. దేవరకద్ర దాటాక రోడ్లెట్లుంటాయో మనకు తెలియంది కాదు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని కంది కట్టె రోడ్డంతా పరిచి ఉంటారు, దాన్ని తప్పించబోతే అటు నుంచి గొర్ల మంద. అందుకే ఆర్సీ పక్కన థర్డ్ పార్టీ పాలసీ తేదీ చూశాకే బండి కదలనిచ్చాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది లేని బండి రోడ్డెక్కకూడదు. అమెరికా లైసెన్సుతో పాటు అక్కడి ఏఏఏ అనే మోటారు సంఘం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా మావాడి దగ్గరుంది, అది లేకుండా బయల్దేరొద్దు.

మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి, పిల్లలున్నవాళ్లకు ఒక పూట చాలు. 2018లో చెదలు పట్టినప్పుడు ఆ కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారని చెబితే మావాడి కూతురు నమ్మలేదు. గద్వాలలో చీరల కోసం ఆగాం. బజారులో ఒక మోటార్ సైకిల్ హ్యాండిల్ మా కారు వెనక తలుపు మీద జానెడు గీత గీసి పోయింది. అక్కడికక్కడే ఫొటోలు తీసి కంపెనీకి పంపాం.

రాత్రి అలంపూర్. బస సౌకర్యాలు, తిండి కావాలంటే అరగంట దూరంలో కర్నూలుంది. కానీ తెల్లారుజామున నవబ్రహ్మ ఆలయాల మధ్య ఎవరూ లేకుండా తిరగాలంటే అలంపూర్‌లోనే పడుకోవాలి. బాదామి చాళుక్యుల పనితనం అది, ఎర్రరాయి మీద నీరెండ పడ్డప్పుడే చూడాలి. రాత్రి భోజనం మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి.

మల్లెల తీర్థం జలపాతానికి వటవర్లపల్లి దగ్గర మలుపు తిరిగాక అడవి దారి. కచ్చా దారిలో జరిగిన నష్టాన్ని కార్డు ఒప్పుకోదు. కారు రోడ్డు పక్కన ఊళ్లో పెట్టి, స్థానికుల జీపు మాట్లాడుకున్నాం. జీపు కుదుపులకు నా నడుము పట్టేసింది గానీ, కారుకు మాత్రం ఏమీ కాలేదు. ఈ అడవి రోడ్డు మీది మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, లెక్క చూసుకుని కదలాలి.

దేవరకొండ మీదుగా సాగర్ చేరాం. టూరిజం వాళ్ల హోటల్ విజయ విహార్‌లో జలాశయం వైపు గది దొరికితేనే తీసుకోండి, లేకపోతే ఆ డబ్బుకు అర్థం లేదు. 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం ఎండ తగ్గాక వెళ్తే హాయిగా ఉంటుంది. తిరుగు దారిలో పానగల్లులో ఛాయా సోమేశ్వరుణ్ణి చూపించాను. లింగం వెనక నీడ ఎక్కడి నుంచి పడుతుందో కనిపెడతానని మావాడు స్తంభాల చుట్టూ తిరిగీ తిరిగీ వదిలేశాడు.

బండి అప్పగించేటప్పుడు కంపెనీవాళ్లు రంగు ఖర్చుతో పాటు, రిపేర్ రోజుల్లో బండి నిలిచిపోతుందని ఆ అద్దె కూడా వేశారు. అంతా డిపాజిట్‌లో కోశారు. కార్డు బీమా ముందుగా కట్టదు, మనం కట్టాక తిరిగిస్తుంది. కార్డు బీమావాళ్లు ఒప్పందం, కార్డు స్టేట్‌మెంట్, ఫొటోలు, రిపేర్ బిల్లు అడిగారు. దెబ్బ తగిలిన 45 రోజుల్లోపు వాళ్లకు కబురు అందాలి. చేత్తో రాసిన ఎస్టిమేట్ పనికిరాదన్నారు. వివరంగా బిల్లు రాసిమ్మని నేను రెండుసార్లు ఆఫీసు మెట్లెక్కాల్సొచ్చింది. రంగు డబ్బులు వచ్చాయి. నిలిచిపోయిన రోజులకు మాత్రం ఆ కాలంలో మిగతా బండ్లన్నీ అద్దెకు పోయాయని చూపే రికార్డు కావాలన్నారు. అద్దె కంపెనీ ఇవ్వలేదు, ఆ డబ్బు మావాడి జేబులోంచే పోయింది.

ఇటు నుంచి పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రులు మన కార్డు చూసుకుని ధైర్యపడొద్దు. ఇక్కడి కార్డుల మీదొచ్చే ఉచిత బీమా ఎక్కువగా ప్రమాద మరణానికో విమాన ప్రయాణానికో పరిమితం. అక్కడ కారు తీసుకుంటే బండి నష్టానికొకటి, ఎదుటివాళ్ల నష్టానికొకటి, రెండు బీమాలూ విడిగా అడిగి తీసుకోవాలి.