ఫెల్ట్ టోపీ కొంటున్నారా? ముందు దానితో వచ్చే చీటీ అడిగి చదవండి

ఎండలో తిరిగే పని ఉన్నవాళ్లు, ముఖ్యంగా మన పాలమూరు, నల్లగొండ వైపు పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, ఈ మధ్య ఫెల్ట్ (పోగులను నేయకుండా అదిమి చేసే దట్టమైన గుడ్డ) టోపీల మీద మోజు పడుతున్నారు. సోమశిలలోనో నాగార్జునసాగర్ దగ్గరో పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలూ అవే కావాలంటున్నారు. ఈ హెచ్చరిక వాళ్లందరి కోసం. ఫోను తెరిస్తే చాలు ప్రకటనలు గుప్పించే ఒక పేజీలో 2,400 రూపాయలు పెట్టి నేనొక టోపీ తెప్పించుకున్నాను. "నూటికి నూరు శాతం ఉన్ని ఫెల్ట్, వానలో తడిసినా చెక్కు చెదరదు" అన్నది వాళ్ల మాట. దానికి తోడు 350 రూపాయలకు ఒక రక్షణ స్ప్రే కూడా అంటగట్టారు. టోపీ ఉన్నిది కాదు. వానకు ఆగలేదు. స్ప్రే కొట్టినచోట ఇంకా చెడింది. డబ్బు వాపసు ఇమ్మంటే ఒకటే జవాబు: "మీరు జాగ్రత్తల చీటీలో చెప్పినట్టు చేయలేదు."

అసలు మోసమంతా ఆ చీటీలోనే ఉంది. అరచేతిలో పట్టేంత పసుపు కాగితం, దాని మీద అయిదు వాక్యాలు. తడిస్తే వెంటనే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టాలి. తర్వాత ఎండలో ఉంచాలి. వారానికోసారి స్ప్రే కొట్టాలి. మరక పడితే గోరువెచ్చని సబ్బు నీళ్లలో ఉతకాలి. ఇవి పాటించకపోతే వాపసు లేదు. నిజమైన ఉన్ని టోపీకి మొదటి నాలుగింటిలో ఏది చేసినా గండమే. అంటే చెప్పినట్టు చేస్తే టోపీ పోతుంది, చేయకపోతే డబ్బు పోతుంది. ఇంత తెలివిగా రాసినవాడు పొరపాటున రాశాడని నేను అనుకోను.

జడ్చర్ల బస్టాండు బయట పడింది ఒక మోస్తరు జల్లు. బస్సు ఎక్కేలోపే టోపీ ముందు అంచు కనుబొమల మీదికి వాలింది. వేళ్లతో పైకి లేపబోతే జిగురు అంటుకుంది. నుదుటి మీద తెల్లని చార మిగిలింది, కడిగితే గానీ పోలేదు. ఆరాక అంచు వంకరగా బిగుసుకుపోయింది, వంచిన చోటల్లా పగుళ్లు, పగుళ్లలోంచి పొరలు. టోపీ నిలబడింది నీటిలో కరిగే జిగురు బలంతో అని దీన్నిబట్టి తెలిసిపోయింది.

స్ప్రే సీసా మీద చిన్న అక్షరాలలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని ఉంది. నిఖార్సయిన ఫెల్ట్ టోపీలు చాలావాటికి బిగువు కోసం లక్క ద్రావణం పట్టిస్తారు. ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. చెక్క సామానుకు పాలిష్ పెట్టేవాళ్లు లక్కను స్పిరిట్‌లోనే కదా కరిగిస్తారు. అలాంటి సీసాను వారం వారం టోపీ మీద కొట్టమనడం ఎంత ఘోరమో చూడండి. ఫెల్ట్ కోసమే తయారుచేసిన స్ప్రేలు లేకపోలేదు. అవైనా లోపలి అంచున ఒక చుక్క వేసి, పూర్తిగా ఆరాక రంగు, బిగువు మారలేదని చూసుకున్నాకే వాడాలి.

ఉన్ని సంగతి మన జిల్లాలవాళ్లకు ఎవరో వచ్చి చెప్పాలా? దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు నేసిన గొంగడి కొప్పెర పెట్టుకుని కాపరులు వానలోనే మందను మళ్లిస్తారు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను తనలోకి తీసుకుని కూడా తడిగా అనిపించదు. ఆ పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, తడి, ఒత్తిడి మూడూ కలిస్తే పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని దగ్గరపడతాయి. ఫెల్ట్ తయారయ్యేది ఇలాగే, నేత అవసరం లేకుండా. అందుకే తయారైన టోపీకి మళ్లీ వేడినీళ్లు, రుద్దుడు తగిలితే అది ఇంకా దగ్గరపడి కుంచించుకుపోతుంది. సబ్బు నీళ్లలో ఉతకమనే మాట ఉన్ని తెలిసినవాళ్ల నోట రాదు.

ఉన్నిదో కాదో తేల్చుకోవడానికి నేను చేసింది ఇది. టోపీ లోపల నుదుటికి ఆనే తలపట్టీ కింద, బయటికి కనిపించని చోట నాలుగు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని అంటించాను. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే దాదాపు ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. నాది కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి నల్లపూసలా మిగిలింది. పాలియెస్టర్. ఈ సంగతి ఫొటోతో సహా పంపితే వాళ్లు అడిగినది "వానలో ఎందుకు పెట్టుకున్నారు?" అని. వానకు చెక్కు చెదరదన్న వాళ్ల ప్రకటననే తిరిగి పంపాను. అప్పటి నుంచి మౌనం. పెట్టె మీద తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో చేశారో లేదు. టోపీ లోపల 58 అన్న కొలత అంకె తప్ప ఇంకేమీ లేదు. అలాంటివాళ్ల దగ్గర నాణ్యత గురించి వాదించడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే.

మంచి టోపీ కొన్నవాళ్లకు కూడా రేపు ఇలాంటి చీటీ చూపించి తప్పు మీదే అనవచ్చు కాబట్టి అసలు జాగ్రత్తలు తెలిసి ఉండాలి. తడిస్తే నీళ్లు దులిపి, లోపలి తలపట్టీని బయటికి తిప్పి, నీడలో గాలి తగిలేచోట వదిలేయాలి. పొయ్యి, డ్రయర్, ఎండ దగ్గరికి రానివ్వకూడదు. పూర్తిగా ఆరాకే మెత్తని బ్రష్‌తో నూగు ఉన్న దిక్కుకు దువ్వాలి. తడిగా ఉన్నప్పుడు దువ్వితే దుమ్ము లోపలికి దిగిపోతుంది. బల్ల మీద అంచు ఆనేలా పెడితే అంచు చదునైపోతుంది, అందుకే బోర్లా కాదు, వెల్లకిలా పెట్టండి. తల మీంచి తీసేటప్పుడు అందరూ టోపీ పైభాగంలో ముందున్న నొక్కును రెండు వేళ్లతో పట్టుకుంటారు. ఫెల్ట్ మొదట చిట్లేది అక్కడే. అంచును ముందూ వెనకా పట్టుకుని తీయండి.

మన దగ్గర అన్నిటికన్నా పెద్ద శత్రువు కారు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల ఇంకెంత వేడి ఉంటుందో అందరికీ తెలుసు. ఆ వేడికి తోలు తలపట్టీ కుంచించుకుపోయి టోపీనంతా లోపలికి లాగేస్తుంది, మర్నాడు తలకు పట్టదు. డాష్‌బోర్డు మీద అలంకారంగా పెట్టేవాళ్లను చూస్తే నాకు టోపీ మీద జాలేస్తుంది. చెమట విషయానికొస్తే, ఇంటికి రాగానే తలపట్టీని తుడిచి బయటికి తిప్పి ఆరనివ్వాలి. లేకపోతే ఉప్పు చార ఫెల్ట్‌లోకి పాకుతుంది. నూనె రాసుకునే తలలు మనవి కాబట్టి నూనె మరక పడితే మొక్కజొన్న పిండి చల్లి, రాత్రంతా ఉంచి, దువ్వేయండి. ముదురు రంగు టోపీ మీద మాత్రం పిండి జాడ మిగలకుండా చూసుకోవాలి. నిజమైన ఉన్నికి పురుగు పడుతుంది, దాచేటప్పుడు శుభ్రం చేసి, కలరా ఉండలు టోపీకి తగలకుండా పెట్టెలో వేయండి.

కుందేలు బొచ్చుతో చేసే ఫర్ ఫెల్ట్ ఉన్ని ఫెల్ట్ కన్నా వానకు బాగా ఆగుతుంది, ధర కూడా బాగానే ఎక్కువ. రెండింటి పేర్లు కలిపేసి అమ్మేవాళ్లున్నారు. దేనితో చేశారో బిల్లు మీద రాసి ఇమ్మనండి. రాయనంటే కొనకండి.

ఇరుక్కున్నవాళ్లు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. 2020 ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదికలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనని మొరాయించడమూ అంతే. అమ్మినవాడు ఎక్కడున్నా, మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వాటికి ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, చీటీని పారేయకండి.

నా ఫిర్యాదు 1915లో నమోదైంది. ఈలోగా ఆ పేజీ పేరు మార్చుకుని మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టింది. ఫొటోలు మాత్రం పాతవే: ఎర్రని గోడ ముందు చెక్క స్టూలు, దాని మీద గోధుమరంగు టోపీ, ఎడమవైపు తెల్లని ఈక. వెంట "వాన తగిలినా చెక్కు చెదరదు" అన్న అదే మాట. ఇవి కనిపిస్తే ఆర్డరు పెట్టకండి, పెట్టి ఉంటే పార్శిల్ వచ్చేలోపు రద్దు చేయండి.