మోడల్ టీ కాయిళ్లకు చేత్తో తిప్పే టెస్టరే నమ్మకం

ఫోర్డ్ పాతకాలపు కారు మోడల్ టీ ఇంజను మిస్సింగ్ కొడుతుంటే చాలామంది చేసే పని ఒకటే. ప్లగ్గుకు స్పార్కు పుట్టించే చెక్కపెట్టె కాయిల్‌కు బ్యాటరీ తగిలిస్తారు, అది జుయ్‌మని మోగగానే బాగుందనేస్తారు. కానీ మోతను బట్టి స్పార్కు వేళకు పడుతోందో ఆలస్యమవుతోందో చెవికి తెలియదు. అది తేల్చేది పాతకాలపు చేతి టెస్టరు.

మోడల్ టీ మాగ్నెటోలో (ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే భాగం) ఉన్నట్టే దీనిలోనూ 16 అయస్కాంతాలుంటాయి. పిడి తిప్పితే కారులో పుట్టే కరెంటు లాంటిదే పుడుతుంది. పైన గుండ్రటి రింగు, దానిలో తిరిగే ముల్లు. కాయిల్ సరిగా ఉంటే రింగు చుట్టూ 16 చోట్ల, చోటుకొక్కటి చొప్పున స్పార్కు కనిపిస్తుంది. ఒకేచోట రెండు పడ్డాయంటే సెట్టింగు తప్పినట్టే. కొన్నిచోట్ల అసలు పడకపోయినా అంతే. మీటరులో సుమారు 1.3 ఆంపియర్లు రావాలి.

మీటరు ముల్లును ఆ అంకెకు తేవాలని కాయిల్ మీది స్ప్రింగు వంచడానికి తొందరపడొద్దు. ముందు కింది స్ప్రింగును నొక్కిపట్టి పాయింట్ల (కలుస్తూ విడిపోతూ కరెంటును తెంపే రెండు మొనలు) గ్యాపు 0.030 అంగుళం పెట్టాలి. తర్వాత పైపట్టీ కుషన్ స్ప్రింగు 0.005 అంగుళం మేర కదులుతోందో లేదో సందు కొలిచే పలచటి రేకు, అంటే ఫీలర్ గేజుతో చూడాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ చిన్న కదలికనే. కింది స్ప్రింగు దిగేటప్పుడు కుషన్ కూడా కాస్త దూరం వెంట వచ్చి, ఠక్కున ఆగిపోతుంది. అప్పటికి వేగం అందుకున్న పాయింట్లు ఒక్కసారిగా విడిపోతాయి. కుషన్ బిగుసుకుపోతే అవి నెమ్మదిగా తెరుచుకుంటాయి, రెండు స్పార్కులు పడతాయి. ఇవి రెండూ కుదిరాకే కింది స్ప్రింగు బిగువు మార్చి ఆంపియర్లు సరిచేయాలి.

పాయింట్ల దగ్గర మంట ఎక్కువై, స్పార్కు మాత్రం పలచగా ఉంటే తప్పు కాయిల్ లోపలి పాత కండెన్సరుది (కెపాసిటర్ పాత పేరు). తారులో కూరుకుపోయిన కాగితపు కండెన్సరు తీసేసి 0.47 మైక్రోఫారడ్, 400 వోల్టులు లేదా అంతకు మించిన ఫిల్మ్ కెపాసిటర్ వేయాలి. తారు తవ్వేటప్పుడు చుట్ల తీగ తెగిందా, కాయిల్ పోయినట్టే.

ఏ కాయిల్‌కు ఎప్పుడు కరెంటు వెళ్లాలో చూసే టైమరు అరిగినా, ప్లగ్గు పోయినా ఈ యంత్రం చెప్పదు. దానికి ఖర్చులేని దారుంది: కారులో సిలిండరుకొకటి చొప్పున కాయిళ్లుండే పెట్టెలో వాటి చోట్లు మార్చండి. మిస్సింగు కాయిల్‌తో పాటు వేరే సిలిండరుకు వెళ్తే తప్పు కాయిల్‌ది. అదే సిలిండరులో ఉండిపోతే టైమరు, వైరు, ప్లగ్గు చూడాలి.

పాత టెస్టరు కొనేవాళ్లు అయస్కాంతాల బలం చూసుకోవాలి. అవి నీరసిస్తే మంచి కాయిల్‌నూ చెడ్డదిగా చూపిస్తుంది. బాగా పనిచేస్తున్న కాయిల్ ఒకటి వెంట తీసుకెళ్లి, డబ్బు ఇచ్చేముందే తిప్పి చూడండి.